గ్రాఫులు గీయు కాలిక్యులేటరు: కొనుటకు ముందు తెలియదగినవి

క్రీస్తుశకము తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదు నగరమందు ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్-ఖ్వారిజ్మీ అను పండితుడు బీజగణితమును గూర్చి ఒక గ్రంథమును రచించెను. ఆ గ్రంథనామములోని 'అల్-జబ్ర్' అను పదము నుండియే ఐరోపా భాషలలో 'ఆల్జీబ్రా' అను మాట పుట్టినది. వారసత్వపు పంపకములు, వర్తకము, భూముల కొలత మొదలగు నిత్యావసరములకు పనికివచ్చు గణితమును బోధించుటయే తన ఉద్దేశమని ఆయన చెప్పుకొనెను. అదే శతాబ్దమున రాష్ట్రకూట ప్రభువైన అమోఘవర్షుని కాలమునందు మహావీరాచార్యుడు 'గణితసార సంగ్రహము'ను సంస్కృతమున రచించెను. పదునొకండవ శతాబ్దమున పావులూరి మల్లన దానిని తెలుగు చేసెను. ఉర్దూ, తెలుగు భాషల విద్యార్థులు ఒకే బల్లపై కూర్చుండి చదువుకొను మన కళాశాలకు ఈ రెండు వారసత్వములును సొంతములే. లెక్క అందరికిని అందవలెనను తలంపు ఆ ఇద్దరి కృషిలోను కలదు.

నేటి కాలమున కొన్ని దేశములలో ఆ లెక్క యొక యంత్రపు వెలతో ముడిపడినది. అమెరికా హైస్కూలులో చేరిన పిల్లవాడు పుస్తకములతోపాటు గ్రాఫింగు కాలిక్యులేటరును కూడ కొనితెచ్చుకొనవలసి వచ్చుచున్నది. మన విద్యార్థులలో కొందరికి ఆ దేశమున అన్నలు, అక్కలు, పినతండ్రులు, మేనమామలు కలరు. వారి పిల్లలకు ఆ యంత్రము కావలెనని, వెల 100 డాలర్లు దాటునని, తక్కువలో లభించు మార్గమేదైన ఉన్నదా యని మమ్ము అడుగువారున్నారు. అట్టి యంత్రము చేతలేనందున మన గణితము వెనుకబడునా యని దిగులుపడువారును ఉన్నారు. ఈ రెండు ప్రశ్నలకును సమాధానము చెప్పుటకే ఈ వ్యాసమును ఉద్దేశించితిమి. మేము చెప్పదలచిన ముఖ్యవిషయమొక్కటే: దుకాణమును అడుగుటకు ముందు పరీక్షను అడుగవలెను.

యంత్రము చేయు పని

కాలిక్యులేటర్లు స్థూలముగా నాలుగు తరగతులు. కూడిక, తీసివేత, గుణకారము, భాగహారము మాత్రమే చేయునది మొదటిది. కిరాణా దుకాణములలో మనము చూచునది ఇదియే. త్రికోణమితి ప్రమేయములు, సంవర్గమానములు, ఘాతములు, సగటు, ప్రామాణిక విచలనము మొదలగునవి లెక్కించునది రెండవది. దీనిని సైంటిఫిక్ కాలిక్యులేటరు అందురు. ఈ పనులన్నియు చేయుచు, సమీకరణమును ఇచ్చినచో దాని వక్రమును తెరపై గీసి చూపునది మూడవది. అదియే గ్రాఫింగు కాలిక్యులేటరు. అంకెలతోనే గాక అక్షరములతో కూడ బీజగణితము చేయగలది నాలుగవది. ఒక బహుపదిని ఇచ్చినచో దానిని కారణాంకములుగా విడగొట్టి చూపుట, ఒక ప్రమేయమును ఇచ్చినచో దాని అవకలజమును సూత్రరూపమున వ్రాసియిచ్చుట ఈ నాలుగవ తరగతి యంత్రముల పని.

మూడవ తరగతి యంత్రము ఎక్కువగా చేయు పని యేమో ఒక ఉదాహరణము వలన తెలిసికొందము. ఒక బంతిని నేల నుండి నిట్టనిలువుగా సెకనుకు 20 మీటర్ల వేగముతో పైకి విసరితి మనుకొందము. గురుత్వ త్వరణమును 10గా తీసికొన్నచో, టి సెకనుల తరువాత బంతి ఎత్తు 20 టి నుండి 5 టి వర్గమును తీసివేసినంత ఉండును. ఒక సెకను తరువాత 15 మీటర్లు, రెండు సెకనులకు 20, మూడింటికి మరల 15, నాలుగింటికి సున్న. ఈ విలువలను సైంటిఫిక్ కాలిక్యులేటరుతో ఒక్కొక్కటిగా కనుగొనవచ్చును. గ్రాఫింగు యంత్రమైనచో ఆ విలువలన్నింటిని పట్టికగా చూపి, వంపు తిరిగిన పరావలయమును గీసి, అత్యున్నత బిందువు ఎచ్చట ఉన్నదో కూడ చెప్పును.

ఈ మాత్రపు పనిని గ్రాఫు కాగితముపై మనమును చేయగలము. యంత్రపు అసలైన ఉపయోగము మరియొక తావున కలదు. 'కొసైన్ ఎక్స్ ఈజ్ ఈక్వల్ టు ఎక్స్' అను సమీకరణమును తీసికొనుడు. ఇది చూచుటకు చిన్నదే గాని, మనము తరగతిలో నేర్చిన ఏ బీజగణిత సూత్రమునకును లొంగదు. కొసైన్ వక్రమును, మూలబిందువు గుండా పోవు సరళరేఖను ఒకే తెరపై గీసినచో అవి ఖండించుకొను తావు కంటికి కనబడును. అచ్చట ఎక్స్ విలువ సుమారు 0.739. సూత్రము లేనిచోట సమాధానమును సమీపించు మార్గమును చూపుట వలననే ఈ యంత్రమునకు పాఠశాలలో చోటు లభించినది.

వెల ఏల తగ్గలేదు?

1972లో హ్యూలెట్ పేకర్డ్ సంస్థ హెచ్.పి.-35 అను చేతి సైంటిఫిక్ కాలిక్యులేటరును 395 డాలర్లకు అమ్మజొచ్చెను. ఇంజనీర్ల జేబులలోని స్లైడ్ రూలు దానితో మూలబడినది. 1985లో జపాను దేశపు క్యాసియో సంస్థ ఎఫ్.ఎక్స్.-7000 జి అను ప్రపంచపు తొలి గ్రాఫింగు కాలిక్యులేటరును వెలువరించెను. దానిలో ప్రోగ్రాములు వ్రాసికొనుటకు ఉండిన స్థలము 422 బైట్లు మాత్రమే.

అమెరికా సంస్థయైన టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1990లో టి.ఐ.-81 అను యంత్రముతో ఈ రంగమున అడుగిడినది. ఆ దేశమున ఓహియో స్టేట్ విశ్వవిద్యాలయపు గణితాచార్యులు ఫ్రాంక్ డెమానా, బర్ట్ వెయిట్స్ అనువారు యంత్రముల సాయముతో గణితము బోధించుటలో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చు ఉద్యమమును నడిపిరి. టెక్సాస్ సంస్థ ఉపాధ్యాయుల సలహాలను గైకొని యంత్రములను తయారుచేసినది. పాఠ్యపుస్తకములలో ఆ యంత్రముల మీటల వరుసలే అచ్చయినవి. తరువాత 1996లో టి.ఐ.-83, 1999లో టి.ఐ.-83 ప్లస్, 2004లో టి.ఐ.-84 ప్లస్, 2015లో రంగుల తెరగల టి.ఐ.-84 ప్లస్ సి.ఇ. వచ్చినవి.

ఇచ్చట గమనింపదగిన విశేషమొకటి కలదు. టి.ఐ.-84 ప్లస్ లోపలనున్నది 1976లో జైలాగ్ సంస్థ రూపొందించిన జెడ్-80 జాతి ప్రాసెసరు. దాని తెరపై అడ్డముగా 96, నిలువుగా 64 చుక్కలు మాత్రమే గలవు. మన చేతిలోని సామాన్యమైన ఫోను దీనికంటె అనేక వేల రెట్లు శక్తిగలది. అయినను ఈ జాతి యంత్రములలో రంగుల తెరగల సి.ఇ. కొత్తది అమెరికాలో నేటికిని 100 డాలర్లు దాటి 150 డాలర్ల వరకు పలుకుచున్నది. లోపలి భాగములు చౌకబడినను వెల చౌకబడలేదు.

ఇందుకు కారణము యంత్రమునందు లేదు, దాని చుట్టునున్న ఏర్పాటులో కలదు. గురువు ఏ యంత్రము నెరుగునో దానినే తరగతిలో చూపును. పుస్తకమున ఏ మీటలు అచ్చయినవో వానినే పిల్లలు నొక్కుదురు. పరీక్షవారి జాబితాలో ఏ పేరున్నదో దానినే తల్లిదండ్రులు కొందురు. ముగ్గురును ఒకే పేరు చెప్పినప్పుడు అమ్మువానికి వెల తగ్గింపవలసిన అగత్యమేమి? ఈ సంగతి తెలిసినవాడు కొనుటకు తొందరపడడు. తన బిడ్డ చదువునకు నిజముగా కావలసినదేమో ముందు విచారించును.

పరీక్షను అడుగుట

అమెరికా యందు ఎస్.ఎ.టి. పరీక్ష కాగితమును విడిచి కంప్యూటరుపైకి మారినది. ఇతర దేశములలో 2023 మార్చి నుండి, అమెరికాలో 2024 మార్చి నుండి ఈ మార్పు అమలునకు వచ్చినది. నాటి నుండి గణిత విభాగమంతటను కాలిక్యులేటరు వాడుకొనవచ్చును. అంతకంటె ముఖ్యమైన సంగతి యేమనగా, డెస్మాస్ అను గ్రాఫింగు సాధనము ఆ పరీక్షా తెరలోనే అమర్చబడి యున్నది. కావున ఈ ఒక్క పరీక్ష కొరకు ప్రత్యేకముగా యంత్రము కొనుట డబ్బు దండుగ. ఆ సాధనముతో ముందుగా ఇంటివద్ద అభ్యాసము చేసినచో చాలును.

హైస్కూలులోనే కళాశాల స్థాయి పాఠములు చదువువారు వ్రాయు ఎ.పి. కాల్క్యులస్ పరీక్ష సంగతి కొంత వేరు. ఆ పరీక్షలో కొంత భాగమునకు 1995 నుండియు గ్రాఫింగు కాలిక్యులేటరు అవసరము. యంత్రము చేయవలసిన పనులు నాలుగు అని పరీక్షవారు స్పష్టముగా చెప్పియున్నారు. కోరిన హద్దులలో వక్రమును గీయుట మొదటిది. సమీకరణమునకు సంఖ్యారూపమున మూలమును కనుగొనుట రెండవది. ఒక బిందువు వద్ద అవకలజపు విలువను లెక్కించుట మూడవది. నిశ్చిత సమాకలని విలువను లెక్కించుట నాలుగవది. ఈ నాలుగును చేయగల అనుమతింపబడిన యంత్రమేదైనను సరిపోవును. 45 బహుళైచ్ఛిక ప్రశ్నలలో 15, వివరముగా వ్రాయవలసిన 6 ప్రశ్నలలో 2 మాత్రమే కాలిక్యులేటరుతో చేయు భాగమునకు చెందినవి. తక్కినవన్నియు చేతితో చేయవలసినవే. 2025 నుండి ఈ పరీక్షయందును డెస్మాస్ తెరపై లభించుచున్నది.

మన హైదరాబాదు నగరమున కూడ కొన్ని పాఠశాలలు బోధించు అంతర్జాతీయ బకలారియేట్, అనగా ఐ.బి. విధానమున గ్రాఫింగు యంత్రము తప్పనిసరి. అచ్చటను 'అనాలిసిస్ అండ్ అప్రోచెస్' అను గణిత పాఠ్యక్రమపు మొదటి పత్రమునకు కాలిక్యులేటరు నిషిద్ధము. ఎ.సి.టి. అను మరియొక అమెరికా పరీక్షలో పైన చెప్పిన నాలుగవ తరగతి యంత్రములకు, అనగా టి.ఐ.-89 వంటివానికి, ప్రవేశము లేదు. ఎక్కువ వెల పెట్టి ఎక్కువ శక్తిగల యంత్రము కొన్నవాడు పరీక్షా మందిరపు గుమ్మము వద్దనే దానిని వదలివేయవలసి వచ్చునన్నమాట.

కావున కొనువారు మూడు ప్రశ్నలకు సమాధానము తెచ్చుకొని తరువాత డబ్బు తీయవలెను. ఈ సంవత్సరము చదువు పాఠమునకు యంత్రము నిజముగా అవసరమా? వ్రాయబోవు పరీక్ష అనుమతించు యంత్రములేవి? తరగతిలో గురువుగారు చూపు యంత్రమేది? ఈ మూడును బడిలోనే తెలియును. వీనిని అడుగుటకు రుసుము లేదు.

చౌకగా సంపాదించు మార్గములు

మొదటి మార్గము ఎరువు తెచ్చుకొనుట. అమెరికాలోని అనేక పాఠశాలలలో తరగతి గదిలో వాడుకొనుటకు యంత్రములుండును. అవసరమైన విద్యార్థులకు సంవత్సరమంతయు ఇచ్చు బడులును కలవు. కొన్ని ప్రజా గ్రంథాలయములు పుస్తకముల వలె కాలిక్యులేటర్లను కూడ ఇంటికిచ్చును. అడుగుటకు నామోషీ పడి 100 డాలర్లు ఖర్చు చేయువారు ఎందరో కలరు. అడుగుట అవమానము కాదు. పన్నులు కట్టు తల్లిదండ్రుల సొమ్ముతో కొన్న వస్తువులే అవి.

రెండవ మార్గము పాత యంత్రమును కొనుట. మే, జూన్ మాసములలో చదువు ముగించిన పిల్లలు తమ యంత్రములను అమ్మివేయుదురు. అప్పుడు వెల తగ్గియుండును. పాతవానిలో టి.ఐ.-83 ప్లస్ విషయము ప్రత్యేకముగా చెప్పదగినది. దాని మీటల అమరికయు, పట్టీల వరుసయు టి.ఐ.-84 ప్లస్‌తో చాలవరకు ఒకటే. గురువు 84 చూపుచుండగా శిష్యుడు 83 పట్టుకొన్నను పాఠము తప్పిపోదు. హైస్కూలు గణితమునకు అది చాలును.

మూడవ మార్గము వేరు సంస్థ యంత్రమును కొనుట. క్యాసియో సంస్థ ఎఫ్.ఎక్స్.-9750 జి-త్రీ అను యంత్రము సుమారు 50 నుండి 70 డాలర్లలో లభించును. పైన చెప్పిన నాలుగు పనులును అది చేయును. లోపమొక్కటే: దాని మీటలు వేరు. గురువు 'ఈ మీట నొక్కుడు' అన్నప్పుడు ఆ మీట మన యంత్రమున ఉండదు. యంత్రముతోపాటు వచ్చు సూచనల పుస్తకమును ఓపికగా చదివి నేర్చుకొనగల పిల్లవానికి ఇది మంచి బేరము. ఆ ఓపిక లేనివానికి మిగిలిన డబ్బు కాలరూపమున ఖర్చగును.

నాలుగవ మార్గము కొత్తది కొనుట. అదియే తప్పనిసరియైనచో జులై, ఆగస్టు మాసములలో కొనవలెను. బడులు తెరచు ఆ సమయమున దుకాణములవారు వెల తగ్గింతురు. ఇంటిలో తరువాతి తరగతులలో తమ్ముడో చెల్లెలో ఉన్నచో కొత్త యంత్రము రెండు మూడు సంవత్సరములకు బదులు ఏడెనిమిది సంవత్సరములు పనికివచ్చును. అప్పుడు ఆ వెల అంత భారముగా తోచదు.

పాత యంత్రమును పరీక్షించు విధము

పాతది కొనువారు ముందుగా బ్యాటరీ గది మూత తీసి చూడవలెను. టి.ఐ.-83 ప్లస్, 84 ప్లస్ రెండింటిలోను నాలుగు చిన్న బ్యాటరీలు, వానికి తోడుగా జ్ఞాపకశక్తిని కాపాడు గుండీ వంటి బ్యాటరీ ఒకటి ఉండును. ఏండ్ల తరబడి మూలనున్న యంత్రములో బ్యాటరీలు కారి, తెల్లని లేక పచ్చని పొడి పేరుకొనియుండును. అట్టి పొడి లోహపు బిళ్ళలను తినివేసినచో యంత్రము నేడు వెలిగినను రేపు వెలుగునను నమ్మకము లేదు. రంగుల తెరగల సి.ఇ. యంత్రమున చార్జి చేసికొను బ్యాటరీ యుండును. అది పాతబడినచో త్వరగా దిగిపోవును. బ్యాటరీ మార్చు ఖర్చును బేరములో కలుపుకొనవలెను.

తరువాత తెరను చూడవలెను. అడ్డముగా గాని నిలువుగా గాని ఒక వరుస చుక్కలు వెలుగకున్నచో ఆ యంత్రమును వదలివేయుటయే మేలు. గ్రాఫు గీయు యంత్రమున గీత చెరిగిన తెర ఉండి ప్రయోజనమేమి? పిమ్మట ప్రతి మీటను ఒకమారు నొక్కి చూడవలెను. ఒక సామాన్యమైన వర్గ సమీకరణమును ఎక్కించి వక్రము గీయించి చూడవలెను. పాత యజమాని ఎక్కించుకొన్న ప్రోగ్రాములను చెరిపి, యంత్రమును మొదటి స్థితికి తెచ్చుకొనవలెను.

ఇంకొక సంగతి ధర్మమునకు సంబంధించినది. బడులకు అమ్మిన టి.ఐ. యంత్రములలో కొన్నింటికి దూరమునుండియే గుర్తుపట్టుటకు పసుపుపచ్చని రంగు తొడుగుండును. బడి ఆస్తి యని దానిపై వ్రాసియుండును. అట్టిది అంగడిలో చౌకగా దొరికినచో అది ఏ బీద విద్యార్థి తరగతి గదినుండి వచ్చినదో ఆలోచింపవలెను. బడి తానే అమ్మినదని రుజువు లేనిచో దానిని కొనరాదు. చౌక యని దొంగసొత్తును ఇంటికి తెచ్చుకొనుట మన ఏ మతమునకును సమ్మతము కాదు.

ఉచితముగా లభించు సాధనములు

2001లో ఆస్ట్రియా దేశపు సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయమున మార్కస్ హోహెన్‌వార్టర్ అను విద్యార్థి తన పట్టపు పరిశోధనలో భాగముగా జియోజీబ్రా అను సాధనమును ప్రారంభించెను. 2011లో అమెరికా యందు ఎలై ల్యూబరాఫ్ డెస్మాస్‌ను స్థాపించెను. ఈ రెండును విద్యార్థులకు ఉచితముగా లభించుచున్నవి. ఫోనులో ఒకమారు దించుకొన్నచో ఇంటర్నెట్టు లేకయు పనిచేయును. 150 డాలర్ల యంత్రముకంటె వీని తెర పెద్దది, గీత నున్ననిది, రంగులు అధికము. ఒక గుణకమును వ్రేలితో జరుపుచున్నకొలది వక్రము ఎట్లు వంగునో, ఎట్లు జరుగునో కనులారా చూడవచ్చును.

మరి ఇంత మంచి సాధనము ఉచితముగా ఉండగా యంత్రమును ఎవరైన ఏల కొందురని అడుగవచ్చును. పరీక్షా మందిరములోనికి ఫోనును రానీయరు. ఫోను మాటలాడును, బొమ్మలు తీయును, స్నేహితునికి ప్రశ్నను పంపును. కాలిక్యులేటరు ఈ పనులేవియు చేయలేదు. ఆ చేతకానితనమునకే వెల కట్టి అమ్ముచున్నారని చెప్పిన తప్పులేదు. పరీక్షలే కంప్యూటరుపైకి మారి, సాధనమును తామే అందించుచున్న ఈ కాలమున ఆ వెల ఎంతకాలము నిలుచునో కొనువారు ఆలోచించుకొనదగును.

యంత్రము మోసగించు తావులు

యంత్రము చేత నున్నంతమాత్రమున సమాధానము సరియగునని భ్రమపడరాదు. వర్గ సమీకరణమొకటి తీసికొందము: వై = ఎక్స్ వర్గము − 40 ఎక్స్ + 300. టి.ఐ. యంత్రమున సాధారణముగా ఉండు తెర హద్దులు రెండు అక్షములపైనను −10 నుండి 10 వరకు. ఆ హద్దులలో ఈ సమీకరణమును గీయించినచో తెర కుడి అంచున నిలువుగా దిగు చిన్న గీత ముక్క మాత్రము కనబడును. గణితము తెలియని విద్యార్థి దానిని సరళరేఖ యనుకొనును, లేక యంత్రము చెడినదనుకొనును.

తెలిసిన విద్యార్థి ఇట్లు ఆలోచించును: మూలముల మొత్తము 40, లబ్ధము 300. కావున మూలములు 10, 30. పరావలయపు అక్షము ఆ రెంటి నడుమ 20 వద్ద నుండును. అచ్చట వై విలువ −100. ఇంత తెలిసినపిమ్మట ఎక్స్ హద్దులను 0 నుండి 40కి, వై హద్దులను −120 నుండి 320కి మార్చును. వెంటనే నిండైన పరావలయము తెరపై నిలుచును. ఏ తావున చూడవలెనో యంత్రము చెప్పదు. అది చూచువాని తలలో నుండవలెను.

పైన చెప్పిన కొసైన్ సమీకరణమును మరల తలచుకొందము. కోణమును రేడియనులలో కొలుచునట్లు యంత్రమును అమర్చినచో సమాధానము 0.739. అదే యంత్రము పొరపాటున డిగ్రీలకు అమర్చబడి యున్నచో సుమారు 0.9998 అని చూపును. రెండు పర్యాయములును యంత్రము తడబడదు, హెచ్చరింపదు. అడిగినదానికి సరిగనే జవాబిచ్చినది. ప్రశ్న మారినదని గ్రహింపవలసిన భారము విద్యార్థిది.

మన విద్యార్థులకు, కార్యవర్గమునకు మనవి

ఇక మన సంగతి. మన ఇంటర్మీడియేట్ గణిత పరీక్షకు గాని, జె.ఇ.ఇ. మెయిన్‌కు గాని, ఇంజనీరింగు ప్రవేశమునకు తెలంగాణలో జరుగు ఎప్‌సెట్‌కు గాని కాలిక్యులేటరును అనుమతింపరు. గేట్ పరీక్షలో సైంటిఫిక్ కాలిక్యులేటరు తెరపైననే లభించును. ఇంజనీరింగు, విజ్ఞానశాస్త్ర పట్టపు తరగతులలో సాధారణముగా కావలసినది ప్రోగ్రాములు వ్రాయ వీలులేని సైంటిఫిక్ కాలిక్యులేటరు మాత్రమే. అది 2000 రూపాయల లోపున దొరకును. కావున ఇచ్చట చదువు విద్యార్థి గ్రాఫింగు యంత్రము లేదని చింతింపవలసిన పని లేదు. విదేశమునకు పోవువాడును దానిని ముందుగా కొని మూటగట్టుకొని పోవలదు. అచ్చట చేరి, పాఠమును, పరీక్షను, గురువును విచారించిన పిమ్మట నిర్ణయించుకొనవచ్చును.

అట్లని గ్రాఫును నిర్లక్ష్యము చేయుమని మా అభిప్రాయము కాదు. మన పరీక్షలలో యంత్రము లేదు గనుక, పలువురు విద్యార్థులు వక్రమును ఎన్నడును కంట చూడకయే సూత్రములను కంఠస్థము చేసి ఉత్తీర్ణులగుచున్నారు. అమెరికా విద్యార్థి యంత్రముపై అతిగా ఆధారపడి నష్టపోవచ్చును. మనవాడు చూడకుండుట వలన నష్టపోవుచున్నాడు. ఈ నష్టమును తీర్చుటకు అధిక ధనము అక్కరలేదు. ముందు గ్రాఫు కాగితముపై పెన్సిలుతో అయిదారు బిందువులను గుర్తించి వక్రమును ఊహించి గీయవలెను. తరువాత ఫోనులోని ఉచిత సాధనముపై అదే వక్రమును గీయించి పోల్చుకొనవలెను. రెండును కలిసినచో సంతోషము. కలియకున్నచో మరింత సంతోషము, ఏలయనగా అచ్చటనే కొత్త సంగతి యేదో నేర్చుకొనబోవుచున్నాము.

కళాశాల కార్యవర్గపు పెద్దలకు మాదొక విన్నపము. డాలరు వెల 85 రూపాయలు దాటిన ఈ కాలమున 120 డాలర్ల యంత్రమొకటి పదివేల రూపాయలు దాటును. ఆ ఒక్క యంత్రపు వెలతో ఆరుగురు విద్యార్థులకు మంచి సైంటిఫిక్ కాలిక్యులేటర్లు కొనవచ్చును. పుస్తక బ్యాంకు ద్వారా పాఠ్యపుస్తకములను ఇచ్చుచున్నట్లే, గ్రంథాలయమున పండ్రెండు సైంటిఫిక్ కాలిక్యులేటర్లను ఉంచి, సంవత్సరారంభమున అవసరమైనవారికి ఇచ్చి, పరీక్షలైన పిమ్మట తిరిగి తీసికొను పద్ధతిని ఏర్పరుపవలెనని ప్రార్థించుచున్నాము. గణిత తరగతికి ఒక కంప్యూటరును, ప్రొజెక్టరును వారమునకు ఒక గంట కేటాయించినచో గోడపై పడిన ఒక్క గ్రాఫును అరువదిమంది ఒకేమారు చూడగలరు. పట్టభద్రులై వెళ్లిన పూర్వవిద్యార్థులు తమ బల్ల సొరుగులలో నిదురించుచున్న కాలిక్యులేటర్లను కళాశాలకు ఇచ్చినచో ఈ పని మరింత సులభమగును.

విద్యార్థినీ విద్యార్థులారా! చేతిలోని యంత్రము ఖరీదైనదని ఎవరైన మీ ఎదుట గర్వించినచో చిన్నబుచ్చుకొనవలదు. −10 నుండి 10 హద్దులలో ఇమడని ఆ పరావలయమును ఎచ్చట వెదకవలెనో అతనిని అడుగుడు. అతడు చెప్పగలిగినచో అతనితో స్నేహము చేయుడు. చెప్పలేకున్నచో మీరు నేర్పుడు. అతని యంత్రముపై మీరిద్దరును కలిసి ఆ వక్రమును గీయవచ్చును.